బొల్లమ్మ ముందు ఎవరూ లేరు

మెట్ట మీద గడ్డి మాడిపోయి, వాగుల్లో తడి కూడా మిగలని ఎండాకాలంలో గొర్రెల మందలు కృష్ణ ఒడ్డుకు దిగుతాయి. నది నడుమ లంకల్లో అప్పటికీ పచ్చిక ఉంటుంది. అక్కడికి చేరాలంటే రేవు దాటాలి. కాపరి తన సద్దిమూటను, గొంగడిని, పసి గొర్రెపిల్లల్ని గుండ్రటి పుట్టి పడవలో వేసుకుని, కుక్కను కూడా ఎక్కించుకుని ముందే లంకకు చేరి అక్కణ్ణుంచి కేకేస్తాడు. మంద తన కాళ్ల మీద తాను దాటుతుంది. ముందు గంట కట్టిన పొట్టేలు. దాని వెనక ఒక గొర్రె, ఆ గొర్రె తోక వెనక ఇంకో గొర్రె. గొర్రెల లోకంలో చదువైనా సంస్కారమైనా ఒక్కటే, ముందున్న తోకను వదలకపోవడం.

ఈ మందలో గంట కట్టిన పొట్టేలును అందరూ గంటన్న అనేవారు. మెలితిరిగిన కొమ్ములు, మెడలో ఇత్తడి గంట. గంటన్న కదిలితే మంద కదులుతుంది, ఆగితే ఆగుతుంది. దాంతో తన తలలో చాలా ఉందని గంటన్నకు గట్టి నమ్మకం. నిజానికి ఉన్నదంతా మెడలోనే, అదీ కాపరి కట్టింది.

అదే మందలో బొల్లమ్మ అని ఒక గొర్రె ఉండేది. ముఖాన తెల్లమచ్చ ఉన్నందుకు ఆ పేరు. ఒక్కసారైనా అందరికంటే ముందు నడవాలని దానికి పిచ్చి కోరిక. పెత్తనం కోసం కాదు. ముందు ఎవరూ లేకపోతే నది ఎలా ఉంటుందో చూడాలని. ఎన్ని ఎండాకాలాలు దాటినా అది చూసింది ముందు గొర్రె తోకను, ఆ తోకకు అంటిన పెంటికలను మాత్రమే. అందుకే నడుస్తూ నడుస్తూ వరస తప్పి పక్కకు వచ్చేది, మెడ చాచేది. వెంటనే వెనకనుంచి సోమక్క తలతో ఒక్క పోటు పొడిచేది. సోమక్క బొల్లమ్మ తోక పట్టుకుని నడిచే గొర్రె, మాటలో కారం కాస్త ఎక్కువ.

"ఏందే, మళ్ల పక్కకు వోతున్నవ్?"

"ముందేమున్నదో చూస్తున్న, సోమక్కా."

"గంటన్న ఉన్నడు. ఇంకేం గావాలె?"

"గంటన్నకు ముందు?"

"ఆయనకు ముందేముంటదే! ఆయనే ముందు."

"ఆయనకు ఏదో ఒకటి కనబడతది గదా. అదేందో చూడాలె."

సోమక్క నెమరు ఆపి నవ్వింది. "తిరిగి ఆడది చెడె, తిరగక మొగోడు చెడె అని ఊకె అన్నరా? ఆడగొర్రె ముందు నడిస్తే మంద మునుగుతదంట."

"ఎప్పుడన్న మునిగిందా?"

"ఎప్పుడన్న నడిస్తే గదా మునిగేటందుకు!"

బొల్లమ్మ ఈసారి ధైర్యం చేసి గంటన్ననే అడిగింది. "అన్నా, రేవుకాడ ఒక్కపారి నన్ను ముందు నడువనియ్యి. గంట నీ మెడలనే ఉండని."

"నా ఎనుక నడుస్తున్నవ్, నీకది చాలదా?" అన్నాడు గంటన్న, అటు తిరిగిపోతూ.

బొల్లమ్మ ఆ పూట మేతకు మూతి పెట్టలేదు. మామూలు ఆకలైతే గుప్పెడు ఎండుగడ్డితోనైనా సర్దుకుంటుంది. ఈ ఆకలికి లంకలోని పచ్చికంతా మేసినా చాలదు. అది ఒడ్డున నిలబడి చాలాసేపు నీళ్లను చూసింది. ఒడ్డు మీంచి చూస్తే అవి తనవి కావు, ఎవరివో అన్నట్టున్నాయి.

ఆ ఒడ్డునే, తుమ్మ పొదల్లో ఒక నక్క కాపురం. మంద దిగిన మర్నాడు, కాపరి కుక్కతో పుట్టి ఎక్కి పోగానే, అది గంటన్న ముందుకొచ్చి వంగి దండం పెట్టింది. ఊరక రారు మహానుభావులు.

"దొరా, మీరీ పై రేవుల దాటుడేంది? గాడిదలు దాటుతయి, బర్రెలు దాటుతయి. మీరూ అండ్లనేనా?"

"మరేడ దాటాలె?"

"ఆ కింద ఇసుక మేట చూస్తున్నరా? ఆడ ఇప్పటిదాంక ఒక్క పొట్టేలు దాటలే. మొదలు దాటినోళ్ల పేరే ఆ రేవుకు పెడ్తరు. గంటన్న రేవు! వినేటందుకే ఎంత బాగున్నది!"

గంటన్న గొంతు సవరించుకున్నాడు. "నీళ్లు లోతా?"

"మోకాలు తడిస్తే నన్నడుగుండ్రి దొరా."

ఆ మాటలో అబద్ధం లేదు. అక్కడ నీళ్లు తక్కువే. ఉన్నది ఊబి, దాని ఊసే నక్క ఎత్తలేదు. గంట అందులో దిగితే, వెనక మంద మొత్తం ఎవరూ తోలకుండానే వచ్చి దిగుతుంది. ఒడ్డు పక్కన కూరుకుపోయిన గొర్రెను కూర్చున్నచోటే తినొచ్చు. ఇదీ దాని ఎత్తు. గంటన్న మాత్రం నక్క తోక తొక్కానని మురిసిపోయాడు. మొదటివాణ్ణి కావాలని అతనికీ ఉంది మరి. బొల్లమ్మకు చూడాలని ఉంటే, ఇతనికి చూపించుకోవాలని.

పొద్దెక్కాక కాపరి లంక నుంచి కేకేశాడు. గంటన్న పై రేవు వదిలి కింది మేట వైపు తిరిగాడు. గంట తిరిగిందని వెనక తోకలన్నీ తిరిగాయి. ఎవరికీ ఏమీ కనబడలేదు, వరస తప్పి మెడ చాచే బొల్లమ్మకు తప్ప. అది చూస్తుండగానే గంటన్న ముందు కాళ్లు ఇసుకలో దిగాయి, తర్వాత పొట్ట దిగింది. దిగబడ్డానని అరవడానికి గంటన్నకు నామోషీ. పైకి రావాలని తల విదిలిస్తున్నాడు, గంట గణగణ మోగుతోంది. గంట అంత జోరుగా మోగుతుంటే దారి ఎంత బాగుందోనని మంద అడుగు పెంచింది.

బొల్లమ్మ పరుగెత్తింది. దాన్ని పొడవడానికి సోమక్క వెంటపడింది. ఇద్దరూ వరస ముందుకొచ్చారు. బొల్లమ్మ మందకు ఎదురు నిలబడి అరిచింది. "ఆగుండ్రి! ఊబి! గంటన్న దిగబడ్డడు!"

"పక్కకు జరుగే. గంట మోగుతున్నది, వినబడ్తలేదా?" అంది సోమక్క.

"మీ కాళ్లు మొక్కుత, ఆగుండ్రి!"

మొక్కినా ఎవరూ ఆగలేదు, దాన్ని తప్పించుకుని పోబోయారు. గొర్రె ముఖం చూసి గొర్రె ఏనాడు నడిచింది గనుక? బొల్లమ్మకు అప్పుడు తట్టింది. బతిమాలడం మానేసి వెనక్కి తిరిగింది. తన తోకను సరిగ్గా సోమక్క ముక్కు ముందు పెట్టి పై రేవు వైపు నడిచింది. తోక కనబడగానే సోమక్క కాళ్లు వాటంతట అవే కదిలాయి. సోమక్క తోక వెనక ఇంకొకతె, ఆమె వెనక మరొకతె. మంద మొత్తం, ఎవరి వెనక పోతోందో తెలియకుండానే, ఊబి వదిలి రేవులోకి దిగింది.

నీళ్లు బొల్లమ్మ మోకాళ్లకొచ్చాయి, పొట్టకొచ్చాయి. దాని ముందు ఎవరూ లేరు. ఎండకు మెరుస్తూ నది అంతా తన మీదికే వస్తోంది. ఎదురుగా లంక సన్నటి పచ్చగీతలా ఉంది. ఇన్నాళ్లూ అడిగింది ఇదే. భయపడుతూనే, మురిసిపోతూనే ఇంకో అడుగు వేసింది.

ఒడ్డున నక్కకు మతిపోయింది. తిండి తనంతట తానే నడిచిపోతుంటే ఎవరు ఊరుకుంటారు? రేవు దాకా ఉరికి కేకలు మొదలుపెట్టింది. "ఓ గొర్రెలాలా! మీ ముందు గంటన్న లేడు! బొల్లమ్మ ఉన్నది! ఆడగొర్రె ఎనుక వోతున్నరు, మునుగుతరు! ఎనుకకు రాండ్రి!"

నడి రేవులో వరస టక్కున ఆగింది. ఆగితే నీరు ఊరుకుంటుందా? తల్లుల పక్కన ఈదుతున్న, కాస్త ఎదిగిన పిల్లలు పక్కకు కొట్టుకుపోసాగాయి. వెనక ఊబి, నక్క. ముందు లంక. వెనకనుంచి ఒకే ప్రశ్న నోటి నుంచి నోటికి పాకుతూ వచ్చింది.

"ఏమే బొల్లమ్మా, ముందున్నది నువ్వేనా?"

ఆ మాట అడిగించుకోవాలని బొల్లమ్మ ఎన్ని కలలు కందో! "ఔను, నేనే" అంటే చాలు, మందంతటికీ తెలుస్తుంది. ఆ మరుక్షణం మంద వెనక్కి తిరుగుతుంది. బొల్లమ్మ ఆ మాటను మింగేసి అంది:

"నేనెందుకుంటనే ముందు? నా ముందు గంటన్న ఉన్నడు. గంట వినబడ్తలేదా?"

వినబడుతోంది. ఊబిలో గంటన్న ఇంకా తల విదిలిస్తూనే ఉన్నాడు. నీళ్ల మీద గాలికి ఆ చప్పుడు ఎటునుంచి వస్తోందో ఎవరు చెప్పగలరు? తాను ఊబిలోకి దింపిన గంటే తన నోరు నొక్కేస్తుందని నక్క కలలోనైనా అనుకోలేదు.

కానీ సోమక్క తల ఎత్తింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముందున్న తోక మీదుగా అటు చూసింది. నీళ్లు, ఆకాశం, దూరంగా లంక. గంటన్న లేడు, కొమ్ములు లేవు.

"ఆఁ, గంటన్నే!" అని సోమక్క వెనక్కి గట్టిగా కేకేసింది. "కొమ్ములు కనబడ్తున్నయి నాకు! నడువుండ్రి, పిల్లలు కొట్టుకవోతున్నయి!"

మంద నడిచింది. లంక ఎక్కింది.

అందరికంటే ముందు గట్టెక్కిన బొల్లమ్మ తల మీదుగా కాపరి నదిలోకి చూశాడు, గంట కోసం. అది కనబడకపోయేసరికి మోకు తీసుకుని, కుక్కతో పుట్టిలోకి దూకాడు. గంటన్నను ఎలా అందుకోవాలా అని ఊబి అంచున చూస్తున్న నక్కకు కుక్క మొరుగుడు వినబడింది. ఆకలి కడుపుతో, తుమ్మముళ్లన్నీ ఒంటికి గుచ్చుకుంటుంటే పారిపోయి, అది మళ్లీ ఆ రేవు ముఖం చూడలేదు.

గంటన్న చెవుల దాకా బురదతో పుట్టిలో లంకకు వచ్చాడు. మంద చుట్టూ మూగింది. "మనలను దాటిచ్చి, మళ్ల ఎనుకకు వోయి ఊబి ఎంత లోతున్నదో చూసొచ్చిండు. గొప్పోళ్ల పనులు మనకేం సమజైతయి!" గంటన్న కాదనలేదు.

బొల్లమ్మ దూరంగా మేస్తోంది. మేస్తోందే గానీ రుచి తెలియడం లేదు. సోమక్క వచ్చి వెనక కాకుండా పక్కన నిలబడింది.

"నువ్వే అని చెప్పుదమా?" అంది.

"ఎవరు నమ్ముతరు, సోమక్కా?"

"మరి నీకు బాధ గాదా?"

"ఐతది," అంది బొల్లమ్మ. "చానా ఐతది."

సోమక్క గడ్డి కొరికింది, నమలలేదు. నది వైపు చూస్తూ గొంతు తగ్గించి అడిగింది. "నేను జరంతనే చూసిన. నువ్వు మొత్తం చూసినవ్. ఎట్లుంటదే?"

"భయమైతది. కాలు ఏడ పెట్టాల్నో ఎవ్వరు చెప్పరు. ఐనా నడువనిస్తే ఇప్పుడే మళ్ల నడుస్త."

సోమక్క కళ్లు నీటి మీదనుంచి కదలలేదు. "వచ్చే యేడు," అంది, "ఒక్కపారి నేను ముందు నడుస్త. నువ్వు నా ఎనుక ఉంటవా?"

నీతి: ముందు నడిచినదాని పేరు మందకు తెలియకపోవచ్చు, దాని ఆశ మాత్రం వెనకున్నదానికి అంటుకోక మానదు.