నక్క బావకు చెట్టు మీద జాలి

చెంచురామయ్య చేలో మోటబావికి దిక్కు బూడిదరంగు మైలెద్దు ఒక్కటే. వెనక్కి నడిచి బొక్కెన ముంచడం, ముందుకు నడిచి నీళ్ళు లాగడం. పాపం, దాని మెడ కాయలు కాచిపోయింది. బావి మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాళ్ళ గూళ్ళు. గట్టు పక్కన కోళ్ళగూడు.

ఓ పొద్దున కరెంటువాళ్ళొచ్చి తుమ్మ మొదట్లో సున్నం గీత గీశారు. "రేపు దీన్ని కొట్టేసి స్తంభం పాతుతాం. బావికి మోటారు, స్తంభానికి దీపం" అని చెప్పి పోయారు.

గిజిగాడు ఎగిరొచ్చి మైలెద్దు కొమ్ము మీద వాలాడు. "మైలన్నా, గూళ్ళలో పిల్లలున్నాయే! ఇంకా రెక్కలైనా రాలేదు."

మైలెద్దు తలెత్తి గూళ్ళకేసి చూసింది. మోటారొస్తే తన మెడ తెరిపిన పడుతుంది. ఈ పిల్లలేమైపోవాలి?

ఇంతలో నక్క కళ్ళు తుడుచుకుంటూ దిగబడింది. "అయ్యయ్యో, పచ్చని చెట్టే! కరెంటనే మాటే ఈ చేలో వినపడకూడదు. మైలన్నా, మోటారొస్తే నిన్ను సంతకు తోలేస్తారు, తెలుసా?"

"దుక్కి మోటారు దున్నుతుందా బావా?" అంది మైలెద్దు.

"బావకెంత జాలి!" అని గిజిగాడు కరిగిపోయాడు.

మైలెద్దు మాత్రం నెమరేస్తూ ఆలోచించింది. "చెట్టును వదిలేసి, స్తంభాలు గట్టు మీదుగా తిప్పితేనో?"

"పిల్లలు బతికితే చాలన్నా! నీ మెడ కూడా బాగుపడుతుంది" అని గిజిగాడు ఎగిరి గంతేశాడు.

నక్క ముఖం మాడిపోయింది. "గట్టు మీదా? వద్దు వద్దు! అక్కడ... చీమలున్నాయి!"

"చీమల మీద కూడానా జాలి? చల్లకొచ్చి ముంత దాచడమెందుకు బావా?" అంది మైలెద్దు.

"అది కాదు, అక్కడ స్తంభం పాతితే దీపం సరిగ్గా కోళ్ళగూటి మీదే..." అని నక్క నాలుక కరుచుకుంది.

గూట్లోంచి పెట్ట తల బయటపెట్టింది. "ఓహో! మొన్న మాయమైన నా పిల్లల మీద రాని జాలి చెట్టు మీద ఎందుకొచ్చిందా అనుకుంటున్నా!"

మర్నాడు గొడ్డళ్ళతో మనుషులు రాగానే మైలెద్దు చెట్టు మొదట్లో పడుకుంది. అదిలించినా లేవలేదు. ఏమైందోనని దగ్గరికొచ్చిన చెంచురామయ్య తల పైకెత్తాడు. గూళ్ళలోంచి కిచకిచలు. ఆయన తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "నీకున్న బుద్ధి నాకు లేకపోయిందిరా" అని దాని గంగడోలు నిమిరాడు. "అయ్యా, లైను గట్టు మీదుగా పోనీయండి. చుట్టయినా ఫర్వాలేదు" అని కరెంటువాళ్ళతో అన్నాడు.

బావికి మోటారొచ్చింది. కాయలు కాచిన మెడ మీద గిజిగాడి పిల్లలు వాలి ఎగరడం నేర్చుకున్నాయి. కోళ్ళగూటి ఎదుటి స్తంభానికి దీపం పెట్టారు. మొదటిసారి అది వెలిగిన సాయంత్రం నక్క గట్టు దాకా వచ్చి, తన నీడను తానే చూసి హడలిపోయి తోక ముడిచింది.

చెట్టు కోసం ఏడ్చేవాడికి వేరే దారి చూపిస్తే కన్నీళ్ళు ఆగుతాయి. చీకటి కోసం ఏడ్చేవాడికి ఏ దారీ నచ్చదు.