దోషాంతకుడి పడవ

మకుటపురం రాజు ధవళవర్మ పొరుగు రాజ్యానికి చుట్టపుచూపుగా వెళ్లొచ్చాడు. ఆనాటి నుంచి ఆయనకి కంటిమీద కునుకు లేదు. అక్కడ తలుపు తీస్తే కిర్రుమనదట. కుండ మీద వేలితో కొడితే ఖంగుమంటుందట.

"ఇకమీదట మన కార్ఖానాల్లో తయారయ్యే ఏ వస్తువులోనూ వెంట్రుకవాసి దోషం ఉండకూడదు. ఈ పని ఎవరు చేయిస్తారు?" అన్నాడు నిండు సభలో.

ఆస్థాన పండితుడు సర్వేశభట్టు లేచాడు. ఆయన ఎన్నడూ ఉలి పట్టినవాడు కాదు, మగ్గం ముందు కూర్చున్నవాడూ కాదు. కానీ నాణ్యత మీద ఆశువుగా శ్లోకాలు చెప్పగలడు.

"ఎంతపని ప్రభూ! దోషం కనబడితే చేసినవాడికి కొరడా దెబ్బలు. పనివాడి మీద ఒక తనిఖీదారు, ఆ తనిఖీదారు మీద ఇంకో తనిఖీదారు. దోషం పారిపోక ఏం చేస్తుంది?"

రాజు మురిసిపోయి ఆయనకి 'దోషాంతక' అని బిరుదిచ్చాడు.

దోషం నిజంగానే పారిపోయింది. బయటికి కాదు, లోపలికి. కుమ్మరులు పగుళ్లకి లక్క పూశారు. సాలెవాళ్లు చిరుగుల మీద జరీపువ్వులు కుట్టారు. భట్టు సభకొచ్చి "ఒక్క దోషమూ లేదు ప్రభూ" అనడం, రాజు శాలువా కప్పడం మామూలైపోయింది. ఆ శాలువాలు మొదటి ఉతుక్కే వెలిసిపోయేవి. ఆ మాట భట్టు కూడా అనలేకపోయాడు.

ఇంతలో రాజుకి పున్నమినాడు ఏట్లో విహరించాలనిపించింది. కొత్త పడవ తయారైంది. ముందురోజు దాన్ని చూడ్డానికి, రాజుగారికి తాంబూలం అందించే బయ్యన రేవుకి వెళ్లాడు. పడవ ధగధగ మెరుస్తోంది. పెద్ద వడ్రంగి వీరోజు మాత్రం దిగాలుగా కూర్చున్నాడు.

"ఏం వీరోజూ, అలా ఉన్నావ్?"

"పచ్చికర్ర, బయ్యన్నా. ఆరడానికి గడువేదీ? ఎండకి పలకలు విచ్చుకున్నాయి. సందుల్లో మైనం కూరి రంగేశాను. నడి ఏట్లో నీళ్లు లోపలికి వచ్చేస్తాయి."

"మరి చెప్పలేదేం?"

వీరోజు పక్కనున్న తమ్ముడి భుజమ్మీది గుడ్డ తొలగించాడు. వీపంతా కొరడా వాతలు.

"వీడు బండిచక్రం గురించి చెప్పాడు" అన్నాడు.

బయ్యన ఇంటిదారి పట్టాడు. చెబితే వీరోజు వీపు చిట్లుతుంది. చెప్పకపోతే రాజు మునుగుతాడు.

తెల్లారింది. మేళతాళాలతో వచ్చిన రాజు పడవలో అడుగుపెట్టబోతూ కాలెత్తాడు.

"ప్రభూ, చిన్న మనవి" అన్నాడు బయ్యన. "దీనికి దోషం లేదని ముద్ర వేసింది దోషాంతకులవారు. తొలి విహారం గౌరవం వారికే దక్కాలి కదా! నడి ఏటి దాకా ఒక్కసారి వెళ్లొస్తే చూసి తరిస్తాం."

"భేష్! ఎక్కు భట్టూ" అన్నాడు రాజు.

భట్టు ముఖం పాలిపోయింది. "నాకు... నాకు ఈత రాదు ప్రభూ!"

బయ్యన చేతులు జోడించాడు.

"దోషం లేని పడవకి ఈతతో పనేమిటండీ?"

రాజు ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు. "భట్టూ, అసలు పడవ చూశావా?"

"పై తనిఖీదారు బాగుందన్నాడు ప్రభూ."

పై తనిఖీదారు కిందివాడికేసి చూశాడు. కిందివాడు ఏటికేసి చూశాడు.

రాజు కత్తి దూశాడు. "దోషం దాచిందెవడు?"

"ఇప్పుడు ఒకణ్ణి నరికితే, రేపట్నుంచి మిగతావాళ్లు ఇంకా బాగా దాస్తారు ప్రభూ" అన్నాడు బయ్యన.

రాజు కత్తి ఒరలో పెట్టాడు. "సరే. దోషం చెప్పినవాడికి శిక్ష లేదు. పైగా ఈ బంగారు కంకణం బహుమానం!"

ఎవరూ పెదవి కదపలేదు.

"ఏమిరా బయ్యనా, వీళ్లు నమ్మరేం?"

"కొరడా దెబ్బ తిన్నవాళ్లు ప్రభూ, కంకణం మాట అంత తొందరగా నమ్మరు. ఎవరో ఒకరు తప్పు ఒప్పుకుని క్షేమంగా ఉండటం కళ్లారా చూడాలి. కొరడా అందనంత ఎత్తులో ఉన్న మనిషైతే మరీ మంచిది."

రాజు బయ్యనకేసి ఉరిమి చూశాడు. తర్వాత వడ్రంగులవైపు తిరిగి, కొంచెం కష్టంగానే అన్నాడు:

"పున్నమికల్లా కావాలని తొందరపెట్టింది నేను. కర్ర ఆరిందా అని అడగలేదు. తప్పు నాదే."

వీరోజు ముందుకొచ్చాడు. "పలకలు విచ్చుకున్నాయి ప్రభూ. మైనం కూరింది నేనే."

వెంటనే వెనకనుంచి ఎవడో, "కోట తలుపు కీలు అరిగిపోయింది ప్రభూ!" అన్నాడు. ఇంకొకడు, "తమ సింహాసనం ఎడమకాలికి చెద పట్టింది!" అని అరిచాడు.

రాజు ఉలిక్కిపడ్డాడు. "రోజూ దానిమీదే కూర్చుంటున్నాను కదరా!" అని పెద్దగా నవ్వేశాడు.

"ప్రకటన ప్రకారం తొలి దోషం చెప్పింది ఏలినవారే. కంకణం తమ చేతికే ఉండాలి" అన్నాడు బయ్యన.

"తప్పు నాదేరా. దాన్ని నా నోట పలికించింది మాత్రం నువ్వు" అంటూ రాజు కంకణం తీసి అతని చేతికి తొడిగాడు.

బయ్యన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని, వినయంగా వంగాడు.

"దీని సీల వదులుగా ఉంది ప్రభూ!"

రేవంతా ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు, ఆ కంకణం చేసిన కంసాలి.