బురదలో రెండు పిల్లలు

చిన్న కథే. మీ అమ్మ పెనం మీద దోసె తిప్పేలోగా అయిపోతుంది.

ఇప్పలకోన అనే అడవిలో దుప్పులు, ఎలుగులు, కుందేళ్లు, నెమళ్లు, ఏదుపందులు కాపురముండేవి. అక్కడి ఎలుగుబంటి ఇప్పపూల వాసన కూడా చూడనని ఒట్టేసేది. ఒట్టేసేటప్పుడు మాత్రం చెట్టును పట్టుకుని నిలబడేది. నెమలి వాన కోసమే ఆడతానని చెప్పేది. వాన లేకపోయినా, ఆడనెమలి ఉంటే చాలు, ఆడేది. ఇక కుందేలుకు నలభై మంది పిల్లలు. ఒక్కరి పేరూ గుర్తులేదు. ఆ సంగతి మొదలుపెడితే ఈ పూట గడవదు. సరే, దోసె మాడుతోంది. కథలోకి వద్దాం.

ఆ అడవిలో ఒక ఉప్పుదిబ్బ ఉండేది. అక్కడ ఎవరూ ఎవరినీ వేటాడకూడదు. అది తాతల నాటి కట్టుబాటు. ఆరు వానల కిందట కరాళుడనే రేచుకుక్క తన గుంపుతో వచ్చి ఆ కట్టుబాటు తెంచాడు. ఒక్క పొద్దున అరవై దుప్పులను చంపాడు. ఆకలికి కాదు. ఒక్కదాన్నీ తినలేదు. మిగిలిన దుప్పులు బతికాయంటే చీలికచెవి అనే ఆడ రేచుకుక్క వల్లే. ఆమె సొంత గుంపుకే ఎదురు తిరిగి, బండరాయి ఎక్కి కూతపెట్టి హెచ్చరించింది. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు.

ఏటా అదే రోజు జంతువులన్నీ దిబ్బ దగ్గర చేరేవి. పోయినవారి పేర్లు చెప్పుకునేవి. చీలికచెవిని తలచుకుని దండం పెట్టేవి. ఆ తర్వాత, అందరిలోకీ పెద్దదైన ఏదుపంది సుంకమ్మ ముందుగా ఉప్పు నాకేది.

ఆ ఏడాది దండాలయ్యాక ముసలి దుప్పి ఓబులమ్మ అడిగింది.

“చీలికచెవి ఎక్కడి పిల్ల అక్కా? నీకేమైనా తెలుసా?”

“తెలుసు. పసిదిగా ఉన్నప్పుడు మా బొరియ ముందు బురదలో కూరుకుపోతే, వేరు అందించి నేనే లాగాను. దాన్నీ, దాని తమ్ముణ్ణీ.”

“తమ్ముడెవరు?”

సుంకమ్మ అబద్ధాలు నేర్చుకోలేదు. ఈ వయసులో ఇక నేర్పేవారూ లేరు. “కరాళుడు,” అంది.

ఓబులమ్మ కొడుకు భద్రయ్య ముందుకొచ్చాడు. అతనికి కొమ్ములు పెద్దవి. ఆ సంగతి అతనే అందరికీ చెప్పేవాడు.

“మా నాన్నను చంపినవాణ్ణి కాపాడింది నువ్వా?”

“నేనే నాయనా.”

“వదిలేసి ఉంటే అరవై మంది బతికేవారు.”

“బతికేవారేమో. అది అనుకోని రోజు లేదు నాకు. కరాళుడు లేకపోతే ఆ గుంపులో ఇంకొకడు లేచేవాడేమో. అదీ తెలియదు.”

“ఒకదాన్ని లాగి, వాణ్ణి వదిలేయాల్సింది.”

“రెండూ ముక్కు దాకా బురదే. ఏది ఎవరో నువ్వైతే ఎలా పోల్చేవాడివి?”

భద్రయ్య జవాబు దొరకనప్పుడు గొంతు పెంచేవాడు. “ఈమెకు ఇక ఉప్పు లేదు. ఈ రోజే కోన దాటిపోవాలి,” అన్నాడు. చాలామంది తలలూపారు. ఎలుగుబంటి కూడా ఊపింది, కాకపోతే అది పొద్దుటి నుంచీ ఊపుతూనే ఉంది.

కోన దాటే కాళ్లు సుంకమ్మకు లేవు.

“ఇంకో మాట,” అన్నాడు భద్రయ్య. “వాగు అవతల గుహలో రేచుకుక్క పిల్లలు తొమ్మిది ఉన్నాయి. పెద్దవన్నీ వేటకు పోయాయి. ఈ తొమ్మిదీ కరాళుళ్లు కాకముందే తొక్కేద్దాం, పదండి.”

కుర్ర దుప్పులు లేచాయి.

అంతవరకు సుంకమ్మ తన ఉప్పు గురించే దిగులుపడుతోంది. ఆ మాటతో ఆమెకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఉప్పుదిబ్బ మీద పడతానని కరాళుడు ముందే నలుగురిలో అన్నాడు. విన్నవాళ్లు నవ్వారు. సుంకమ్మ కూడా విని, బొరియలోకి పోయి పడుకుంది.

ఈసారి ఆమె బొరియకు పోలేదు. గుహకు వెళ్లే ఇరుకు దారిలో, రెండు బండల మధ్య, ముళ్లు నిక్కబొడుచుకుని అడ్డంగా పడుకుంది.

“లే అవ్వా,” అన్నాడు భద్రయ్య.

“ఆ తొమ్మిదిలో కరాళుడెవరు?”

“తెలియదు.”

“చీలికచెవి ఎవరు?”

“తెలియదన్నానుగా.”

“నాకూ తెలియదు. బురదలో పిల్లను లాగినందుకు నాకు సిగ్గు లేదు. కరాళుడు నలుగురిలో చెప్పాక కూడా అడ్డుపడనందుకు సిగ్గుంది. ఇప్పుడు నువ్వూ నలుగురిలో చెప్పావు.”

భద్రయ్య ఆమె మీదుగా దూకాడు. కొమ్ములు ఎంత పెద్దవైనా దూకేది కాళ్లే కదా. పదకొండు ముళ్లు దిగాయి. ఎక్కడ దిగాయో చెప్పడం మర్యాద కాదు. కుర్ర దుప్పులు ఒకదాని మొహం ఒకటి చూసుకుని వెనక్కి తిరిగాయి.

ఓబులమ్మ ఒక్కో ముల్లూ పళ్లతో పీకుతూ కొడుకుతో అంది.

“ఆ రోజు చీలికచెవి కూయకపోతే నువ్వు నా కడుపులోనే పోయేవాడివిరా. ఆమెను బురదలోంచి తీసింది ఈమె. మీ నాన్న కోసం ఏడుస్తాను. ఈమెకు దండమూ పెడతాను. నాకు రెండూ కావాలి.”

ఆమె సుంకమ్మ ముందు తల వంచింది. తర్వాత ఒక్కొక్కరే వంచారు. ఎప్పటిలాగే సుంకమ్మ ముందుగా ఉప్పు నాకింది. భద్రయ్య అందరికంటే చివర నిలబడ్డాడు. ఎలాగూ కూర్చోలేడు.

ఆ తొమ్మిది పిల్లలూ పెరిగాయి. వాటిలో కరాళుడు తేలతాడని కొందరు, చీలికచెవి తేలుతుందని కొందరు ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. ఇద్దరూ తేలలేదు. తొమ్మిదీ మామూలు రేచుకుక్కలయ్యాయి. ఆకలేస్తే వాగు దగ్గర వేటాడేవి. దిబ్బ దగ్గరికొస్తే ఉప్పు నాకి వెళ్లిపోయేవి.

నీతి: రేపు చేస్తుందేమోనన్న పాపానికి పసికూనను శిక్షించకూడదు, కళ్లముందు మొదలైన పాపానికి అడ్డుపడకుండా ఉండకూడదు.