ఒకరికొకరు సమాధానం

ఇన్నాసమ్మ గారిని ఏదైనా అడగాలని వెళ్లినవాళ్లకు ముందు దొరికేది జవాబు కాదు, చింతపండు బుట్ట. "గింజలు తీస్తూ అడుగమ్మా, చేతులు ఊరికే ఉంటే మాట మరీ సాగుతుంది" అనేది. ఆ విచారణలో, అంటే ఆ గుడి కిందికొచ్చే ఊళ్లలో, రెండు తరాలకు జపాలు నేర్పిన ఉపదేశమ్మ ఆమె. గుడికి ఫాదర్లు మారేవారు గానీ ఆమె నోరు మారేది కాదు.

ఆ వేళ బుట్ట ముందు కూర్చున్నది స్టెల్లా. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే నాలుగు కథోలిక కుటుంబాల్లో ఆమెది ఒకటి. పొద్దున జపం, ఆపైన లెక్కలు, పునీతుల చరిత్రలు, పెరట్లో మొక్కల పని. శనివారం నాలుగిళ్లవాళ్లూ ఒకచోట చేరి ప్రార్థన చేసుకునేవారు, కలిసి తినేవారు, పిల్లలు ఆడుకునేవారు. ఊరు దీన్ని వింతగా చెప్పుకునేది. ఊరికి వేరే పనేముంది గనక!

"అమ్మగారూ, మా ఆగ్నెస్‌కి నలుగురిలో మెలగడం వస్తుందా? లేక నేనే దాన్ని పాడుచేస్తున్నానా?" అంది స్టెల్లా.

ఆమె భయానికి కారణం ఉంది. జనవరిలో ఒక పెళ్లిలో ఎవరో "ఏ క్లాసమ్మా?" అంటే ఎనిమిదేళ్ల ఆగ్నెస్ "లెక్కల్లోనా, తెలుగులోనా?" అని తిరిగి అడిగింది. పందిరంతా నవ్వింది. విచారణ బళ్లో టీచరైన రెజీనా మాత్రం నవ్వలేదు. ఆమె స్టెల్లా భర్తకు సొంత అక్క. "మనుషుల్లో పెరగని పిల్ల ఇట్లాగే మాట్లాడుద్ది. జూన్‌లో దాన్ని బళ్లో వెయ్యి, లేదంటే నా గడప తొక్కొద్దు" అని అందరి ముందే అనేసింది. స్టెల్లా కూడా తక్కువ తినలేదు. "మీ బళ్లో నేర్పేది వరసలో నిలబడటమేగా వదినా!" అంది. అంతే, ఆ రోజు నుంచి రెండిళ్లకూ మాటల్లేవు. ఇప్పుడు వదిన అన్నదే నిజమేమోనన్న అనుమానం స్టెల్లాకు నిద్ర లేకుండా చేస్తోంది.

ఇన్నాసమ్మ గారు అంతా విని, "మార్చిలో పునీత జోజప్ప గారి పండుగ పూజకి మీ నాలుగిళ్ల గుంపుతో ముందు కూర్చోకు. పిల్లని తీసుకుని వెనక నా పక్కకి రా" అంది.

"అంతేనా అమ్మగారూ?"

"అంతే ఎట్లా? ఇంకా సగం బుట్ట ఉంది."

పండుగ నాడు గుడి కిటకిటలాడింది. చాపల మీద ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు. ఆడవాళ్ల మధ్యలో, బడిపిల్లల్ని కనుసైగలతో అదిలిస్తూ రెజీనా. పరలోక జపం అయ్యాక ఫాదర్ గారు "ఒకరికొకరు సమాధానం ఇచ్చుకోండి" అన్నారు. గుడి మాటల్లో సమాధానమంటే శాంతి. చేతులు జోడించి పక్కవాళ్లకు అందించాలి. జనం ఎప్పటిలాగే అటొకసారి ఇటొకసారి తల ఊపి, దోమను తోలినంత సేపట్లో ఆ పని కానిచ్చేశారు.

ఆగ్నెస్ మాత్రం లేచి నిలబడింది. శనివారం ప్రార్థనలో తల్లి పెట్టిన నియమం ఒకటే: ఉన్నవాళ్లలో ఒక్కరినీ వదలకూడదు. అక్కడ ఉండేది నాలుగిళ్లవాళ్లు. ఇక్కడ ఉన్నది ఊరంతా. పిల్లకు ఆ తేడా ఎవరూ చెప్పలేదు. చివరి చాప నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరి ముందూ ఆగి చేతులు జోడిస్తూ, వాళ్లు తిరిగి జోడించేదాకా కదలకుండా, మెల్లగా ముందుకు సాగింది. పాట ఎత్తుకోబోయిన గాయకబృందం నోళ్లు తెరిచి అట్లాగే ఉండిపోయింది. పీఠం దగ్గర అప్పం విరవబోయిన ఫాదర్ గారు ఆగారు.

స్టెల్లా లేవబోతే ఇన్నాసమ్మ గారు కొంగు పట్టి లాగింది. "కూర్చోవే. ఎంతదాకా పోద్దో చూద్దాం." ఆమె కళ్లలో చిన్నపిల్ల కుతూహలం.

"బడికి పంపకపోతే ఇంతే, ఎక్కడ ఆపాలో తెలీదు" అని ఎవరో గొణిగారు.

"మనకి ఎక్కడ మొదలెట్టాలో తెలుసులే" అంది ఇన్నాసమ్మ గారు, వాళ్లకు వినబడేలాగానే.

ఆగ్నెస్ రెజీనా ముందు ఆగింది. రెజీనా పాటల పుస్తకంలోకి తల దించుకుంది. పిల్ల కదల్లేదు. గుడంతా ఆ ఇద్దరినే చూస్తోంది.

"మీ అమ్మ పంపిందా?" అంది రెజీనా తల ఎత్తకుండా.

"లేదత్తా. మీ వంతు వచ్చింది."

రెజీనా పుస్తకం ఒళ్లో పెట్టి చేతులు జోడించింది. పిల్ల తృప్తిగా తలూపి పక్కామె దగ్గరికి వెళ్లిపోయింది. రెజీనా చేతులు మాత్రం విడిపోలేదు. అట్లాగే జోడించుకుని, నెలల తర్వాత మొదటిసారి వెనక్కి తిరిగి, మరదలు ఎక్కడుందా అని వెతికింది. చూపులు కలిశాయి.

స్టెల్లా గాభరాగా ఇన్నాసమ్మ గారి వైపు వంగింది. "అమ్మగారూ, ఇంతకీ జూన్‌లో దాన్ని బళ్లో వెయ్యనా, వద్దా? నాకు సమాధానం చెప్పనే లేదు మీరు."

ఇన్నాసమ్మ గారు పీఠం మీంచి చూపు తిప్పలేదు.

"సమాధానం చెప్పేది కాదే, ఇచ్చేది. చూడు, మీ వదిన ఇంకా చేతులు దించలేదు."