నాలుగో వరస అడుగులు

అనగనగా ఒక అడవిలో అని మొదలుపెడితే బాగుండేది. కానీ ఇది అడవి కాదు, అడవి అయిపోయాక వచ్చే గడ్డిబీడు. మొదటి మాటకే అబద్ధమాడితే మీరు ఊరుకోరు కదా!

పరుగు గురించి చెప్పే అర్హత నాకు లేదని ముందే ఒప్పేసుకుంటున్నాను. మొన్నామధ్య బస్సు కోసం పది అడుగులు పరుగెత్తాను. పిక్క పట్టేసింది. బస్సూ పోయింది. వారం రోజులపాటు, "పొద్దున్నే జాగింగ్‌లో పట్టేసిందండీ" అని ఇంటింటా చెప్పుకు తిరిగాను. అందుకే ఈ కథ నాకు బాగా తెలుసు.

ఆ బీడులో ఒక కృష్ణజింకల మంద ఉండేది. ఎండాకాలంలో గడ్డికి నిప్పంటుకుంటే, మంద మొత్తం వాగు దాటి అవతలికి పోవాలి. పొగలో దారి కనిపించదు. అందుకని వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. దారి తెలిసిన జింక ఒకటి ముందు పరుగెత్తాలి. మిగతావన్నీ ఎదుటి తోకను చూసుకుంటూ వెనకే రావాలి. ముందున్నదాన్ని ఎవరూ దాటకూడదు.

అలా ముందు పరుగెత్తే జింక పేరు మెరిక. దానికి కుదురుగా మేయడం కూడా చేతకాదు. ఒక పరక ఇక్కడ కొరికేది, ఇంకో పరక అల్లంత దూరంలో కొరికేది.

ఆ ఏడు ఎండలు ముదిరేవేళకు మెరిక ఎడమ వెనక మోకాలు సలపడం మొదలైంది.

"ఏమే, ఆగిపోయావు?" అని అడిగింది మందకు పెద్ద అయిన ఈరమ్మ.

"ముల్లు గుచ్చుకుంది పెద్దమ్మా" అంది మెరిక.

మర్నాడూ ఆగింది. "గాలి వాసన చూస్తున్నా" అంది.

మూడోనాడూ ఆగింది. "ఆలోచిస్తున్నా" అంది.

మెరిక ఆలోచిస్తోంది అనేసరికి ఈరమ్మకు అనుమానం వచ్చింది.

"రేపు వెళ్ళి బక్కయ్యకు చూపించుకో. కాలు బాగుంటే నువ్వే ముందు. లేకపోతే ఈ ఏడు నీ మరదలు చుక్కి ముందు పరుగెడుతుంది" అంది.

మెరిక మేయడం ఆపేసింది. ముందు పరుగెత్తకపోతే తనెవరు? గడ్డి తినే జింక. అలాంటివి మందలో నలభై ఉన్నాయి.

బక్కయ్య అంటే వాగులో ఉండే ముసలి కొంగ. కాలు నొచ్చిన ప్రతి జంతువూ ఆయన దగ్గరికే వెళ్ళేది. ఆయన జన్మలో పరుగెత్తి ఎరగడు. ఒంటికాలి మీద నిలబడి, తడి ఇసుకలో పడ్డ అడుగుల్ని చూసేవాడు. చదువుకోకుండా కథలు రాసేవాళ్ళం మేమున్నప్పుడు, పరుగెత్తని వైద్యుడు ఉంటే తప్పేముంది?

"తాతా, తొందరగా చూడు. నిలబడితే నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది" అంది మెరిక.

"నెమ్మదిగా పరుగెత్తి రా" అన్నాడు బక్కయ్య. మెరిక వెళ్ళొచ్చింది.

"ఇప్పుడు జోరుగా." వెళ్ళొచ్చింది.

"ఇప్పుడు ఆ రాయి చుట్టూ తిరిగి రా." పళ్ళు బిగబట్టి, తల పైకెత్తి, నవ్వుముఖం పెట్టి అదీ చేసింది.

బక్కయ్య ఇసుకలోకి చూశాడు. "మూడు వరసలూ ముత్యాల్లా ఉన్నాయి. ఇక వెళ్ళు తల్లీ" అన్నాడు.

మెరిక హమ్మయ్య అనుకుంది. వెనక్కి తిరిగి నడిచింది. ఇరవై అడుగులు వేసిందో లేదో, బక్కయ్య పిలిచాడు.

"ఒక్కసారి ఇలా వచ్చి, నువ్వు నడిచి వెళ్ళిన వరస చూడు."

ఆ నాలుగో వరసలో కుడి గిట్ట లోతుగా దిగబడి ఉంది. ఎడమ గిట్ట ఇసుకను గీరుకుంటూ పోయింది.

"ఆ మూడూ నాకోసం వేసిన అడుగులు. ఇవి నీవి" అన్నాడు బక్కయ్య.

మెరిక తల దించుకుంది. ఆయన ముక్కుతో దాని తుంటి మీద పొడిచాడు.

"అబ్బా! నొప్పి మోకాల్లో అయితే తుంటి మీద పొడుస్తావేంటి తాతా?"

"ఏడ్చేది మోకాలు. ఏడిపించేది తుంటి. అక్కడ బలం చాలక మోకాలు లోపలికి వాలిపోతోంది. పైగా నలుగురూ చూడాలని పేద్ద అంగలు వేస్తున్నావు. కాలు ఒంటికంటే ముందుకెళ్ళిపడి, ప్రతి అడుగుకీ నిన్నే ఆపుతోంది. చిన్న అంగలు వెయ్యి, చకచకా వెయ్యి."

"మరి మందు?"

"కుడి వెనకకాలు ఎత్తి, ఎడమదాని మీద బరువు వేసి నిలబడు. నూరు ఊపిర్లు, రోజుకు మూడుసార్లు. మూడు వారాలు పరుగు మానెయ్."

"మూడు వారాలా! మూడు ఊపిర్లు కూడా నిలబడలేను తాతా!"

"నీ అసలు జబ్బు అదే. మోకాలిది చిన్నది."

"మందలో మాత్రం చెప్పకు. తెలిస్తే నా మరదలు చుక్కిని ముందు పెడతారు."

"నేను చెప్పను. నువ్వే చెప్పాలి. చుక్కికి దారి కూడా నువ్వే చెప్పాలి."

మెరిక తిరిగి వెళ్ళగానే, "ఏమన్నాడే?" అని అడిగింది ఈరమ్మ.

"ముత్యాల్లాంటి అడుగులన్నాడు" అంది మెరిక.

అది అబద్ధం కాదు. నాలుగు వరసల్లో మూడింటి సంగతి. నా జాగింగ్ కంటే నయమే.

పొద చాటున మెరిక కాలెత్తి నిలబడటం మొదలుపెట్టింది. చుక్కి చూసింది.

"ఏం వదినా, కాలెత్తి తపస్సా? బక్కయ్య తాతను చేసుకుంటావా ఏంటి?"

మెరికకు నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "పోవే, నీకెందుకు!" అనేసింది.

తొమ్మిదోనాటికి నొప్పి తగ్గింది. తగ్గింది కదా అని తెల్లబండ దాకా పరుగెత్తింది. ఏమీ కాలేదు. మర్నాడు తుమ్మచెట్టు దాకా వెళ్ళింది. ఏమీ కాలేదు. మూడోనాడు వాగుదాకా వెళ్ళి వచ్చింది. మోకాలు వెలగపండంత అయింది.

ఆ మధ్యాహ్నమే బీడు చివర పొగ లేచింది.

మెరిక ముందు దూకింది. మంద వెనకే వచ్చింది. కాసేపటికే మెరిక కుంటింది, నెమ్మదించింది. వెనక జింక నెమ్మదించింది. దాని వెనకదీ నెమ్మదించింది. ఎవరూ దాటలేదు. అది కట్టుబాటు. వెనక పిల్లలు దగ్గుతున్నాయి. వేడి వీపులకు తగులుతోంది.

"మెరికా, ఏమైందే?" అని అరిచింది ఈరమ్మ.

"ము..." అంది మెరిక. ముల్లు అనబోయింది. దగ్గు మరీ దగ్గరగా వినిపించింది.

"ముల్లు కాదు పెద్దమ్మా! నా కాలు పనికిరాదు! పరుగెత్తొద్దని తాత చెప్పాడు, నేను దాచాను! నన్ను దాటండి! చుక్కీ, నువ్వు ముందు!"

"నాకు దారి తెలీదు వదినా!"

"పుట్ట దగ్గర కుడికి తిరుగు! మూడు నల్ల బండలుంటాయి! మధ్యబండ పక్కన నీళ్ళు మోకాటి లోతే!"

చుక్కి పరుగెత్తింది. కొత్తది కదా, పొగలో పుట్ట దాటిపోయి మళ్ళీ వెనక్కి రావలసి వచ్చింది. ఆ కాస్తలో ఈరమ్మ వీపు మీద వెంట్రుకలు కాలిపోయాయి. రెండు పిల్లల గిట్టలు బొబ్బలెక్కాయి. అయినా అన్నీ దాటాయి. అందరికంటే చివర మెరిక, మూడు కాళ్ళ మీద.

అవతలి గట్టున ఈరమ్మ దానికి తన వీపు చూపించింది.

"చూడవే. నీకు గుచ్చుకుందన్న ముల్లు ఇదే" అంది.

ఆ తర్వాత మెరిక రోజూ అందరి ముందే కాలెత్తి నిలబడింది. ఒళ్ళంతా చీమలు పాకుతున్నా నిలబడింది. చుక్కి పక్కన ఉండి ఊపిర్లు లెక్కపెట్టేది. మధ్యలో నవ్వించి లెక్క చెడగొట్టేది. మెరిక దానికి దారిలో ప్రతి మలుపూ చెప్పింది.

తొలకరి పడ్డాక ఇద్దరూ బక్కయ్య దగ్గరికి వెళ్ళారు.

"నెమ్మదిగా పరుగెత్తి..." అనబోయాడాయన.

"ఆగు తాతా. ముందు నాలుగో వరస చూడు" అంది మెరిక. వెనక్కి తిరిగి, మామూలుగా నడిచి వెళ్ళింది.

బక్కయ్య ఇసుకలోకి వంగాడు. ఎడమ గిట్ట వెంట సన్నగా, వెంట్రుకంత గీత.

"ఇంకో వారం" అన్నాడు.

మెరిక గట్టిగా నిట్టూర్చింది. కుడి కాలు ఎత్తింది.

"లెక్కపెట్టు మరదలా" అంది.

నీతి: నొప్పిని దాచుకుంటే కుంటేది మనం ఒక్కరమే కాదు, మన వెనక వచ్చేవాళ్ళంతా. (నా పిక్క బస్సు కోసమే పట్టేసిందండీ.)