చక్రాలెక్కిన అంబారీ ఏనుగు

అనగనగా ఓ ఊరు. ముందు దుప్పటి సరిగ్గా కప్పుకో, అప్పుడే కథ. ఆ ఊరి పేరు నిమ్మలవలస. ఆ ఊళ్ళో మందాకిని అని నీ ఈడు పిల్ల ఒకతి ఉండేది.

ఆ పిల్లకి ఒకటే పిచ్చి. స్కేట్‌బోర్డు బొమ్మలు. స్కేట్‌బోర్డంటే ఏమిటనుకున్నావు, మనం భోజనానికి వేసుకునే పీటకి చక్రాలు తగిలిస్తే అదే. నిజం బోర్డు ఎక్కింది లేదు, దిగింది లేదు. బొమ్మలు మాత్రం ఎక్కడ కనబడినా వదిలేది కాదు.

తిరనాళ్ళలో బోర్డెక్కిన బొజ్జ పోలీసుని కొనిపించుకుంది. ఆ తర్వాత ఒకే పలక మీద దండలేసుకుని నిలబడ్డ పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ దొరికారు. బిస్కెట్ల పొట్లంలో బొటనవేలంత బోర్డు వచ్చింది, దాన్ని రెండు వేళ్ళతో నడపాలి. వైకుంఠపాళి లాంటి ఆట కూడా ఒకటి సంపాదించింది. అందులో పాములకి బదులు వీధికుక్కలుంటాయి. కుక్క గడిలో పడ్డావంటే బోర్డు వదిలేసి మొదటికి పరిగెత్తాల్సిందే.

వాటన్నిటిలోకీ ముద్దుది కోతి. జానెడు పలక మీద పళ్ళికిలించుకుని కూర్చుని ఉండేది. తాళం తిప్పితే జర్రుమని పోయేది. మందాకిని దాన్ని పక్కలో పెట్టుకునే పడుకునేది. ఊఁ కొట్టవేం, వింటున్నావా?

ఆ వీధిలోనే వాళ్ళ మేనత్త కనకవల్లి ఉండేది. ఆవిడకి పిల్లల్లేరు. ఏటా దసరాకి బొమ్మల కొలువు పెట్టడమే ఆవిడకి సంబరం. మెట్లు కట్టి, తెల్లటి పంచె పరిచి, బొమ్మల్ని తీర్చేది. పైమెట్టు మీద అంబారీ ఏనుగు. కాపరానికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఇచ్చిన కొయ్య ఏనుగు అది. వాళ్ళమ్మ పోయాక ఆ ఏనుగుని చూసుకునే ఆవిడ ధైర్యం తెచ్చుకుంది.

కొలువన్నాక ఏడాదికో కొత్త బొమ్మ రావాలి కదా. "ఈసారి కొత్త బొమ్మ నువ్వు తేవే, కోడలా" అంది అత్త. ఒక్కటి తెమ్మంటే ఇది తట్టెడు తెచ్చింది. అత్త నవ్వి, "సరే, కింది మెట్టు నీది. తాళాలు మాత్రం తిప్పకు" అంది.

ఆ సాయంత్రం పేరంటాళ్ళు వచ్చారు. అందరూ పైమెట్టు చూసి ఆహా అన్నారు. దశావతారాలు చూసి ఓహో అన్నారు. కింది మెట్టుకేసి ఒక్కరూ చూడలేదు. మందాకినికి ఉక్రోషం వచ్చింది. నీకొస్తుందే, అలాంటిదే. తగుదునమ్మా అని కోతిని తీసుకెళ్ళి ఏనుగు వెనకాల పెట్టి, తాళం బిర్రుగా తిప్పి వదిలింది.

కోతి జర్రుమని వెళ్ళి ఏనుగుని గుద్దింది. ఏనుగు మెట్టు మెట్టుకీ దొర్లి గచ్చు మీద పడింది. నాలుగు కాళ్ళూ మొదలంటా విరిగిపోయాయి. అత్త పాడుతున్న హారతి పాట సగంలో ఆగిపోయింది.

కనకవల్లి శనగలూ తాంబూలాలూ ఇచ్చి అందర్నీ పంపేసింది. ఆ తర్వాత ట్రంకుపెట్టె లాగి, పాత చీరముక్కల్లో బొమ్మల్ని చుట్టడం మొదలుపెట్టింది.

"పండగ ఇంకా అవలేదుగా అత్తా" అంది మందాకిని.

"ఇంక కొలువెందుకే. విరిగిన బొమ్మ కొలువులో ఉండకూడదు, దాన్ని పారే నీళ్ళలో వదిలెయ్యాలి. అమ్మ ఏనుగు లేని కొలువు ఈ ఇంట్లో ఇక పెట్టను" అంది అత్త, అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటూ.

మందాకిని చేసిన పనికి అత్త సంబరమంతా పెట్టెలోకి పోతోంది. "దశమి దాకా ఆగు అత్తా, నేను బాగుచేస్తాను" అని కాళ్ళావేళ్ళా పడింది. అత్త చేతిలో ఉన్న చీరముక్క కింద పెట్టింది.

మొదట మందాకిని చింతగింజలు నానబెట్టి నూరి, ఉడికించి జిగురు చేసింది. నాలుగు కాళ్ళూ అతికించింది. తెల్లారి చూస్తే ఏనుగు బోర్లా పడి ఉంది. పైన అంబారీ, అందులో రాజుగారు, ఆ బరువు అతుకు మోస్తుందా?

ఆ తర్వాత కాలవ గట్టు నుంచి మట్టి తెచ్చి కొత్త కాళ్ళు చేసింది. ఎండలో పెడితే నాలుగూ బీటలిచ్చాయి. పిల్ల అరుగు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, నీలాగా దొంగ ఏడుపు కాదు.

ఇంక దశమి వచ్చేసింది. ఏనుగుని ఒళ్ళో పెట్టుకుని చూస్తే, కాళ్ళు పోయిన పొట్ట చదునుగా, జానెడు పొడుగున ఉంది. జానెడు పలక ఇంట్లో ఒకటే ఉంది. దాని మీద కోతి కూర్చుని ఉంది.

ఎంతసేపు ఆలోచించిందో దేవుడికే తెలియాలి. ఎట్టకేలకు మేకులు పీకి కోతిని పలక నుంచి ఊడదీసింది. మళ్ళీ ఎవర్నీ గుద్దకుండా పలక అడుగున ఉన్న తాళం స్ప్రింగు కూడా తీసి పారేసింది. ఏనుగుని పలక మీద పెట్టి ఎర్ర తాడుతో బిగించి కట్టింది. ఏనుగు నిటారుగా నిలబడింది.

సాయంత్రం పేరంటాళ్ళు వచ్చేవేళకి దాన్ని తీసుకెళ్ళి అత్త ముందు గచ్చు మీద పెట్టింది. చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. "విరిగిన బొమ్మని మళ్ళీ తెస్తారటమ్మా" అంది ఒకావిడ. మందాకినికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏనుగుని మెల్లగా అత్త వైపు తోసింది.

ఏనుగు కదిలింది. తొండమెత్తి, రాజుగారిని మోసుకుంటూ, తిన్నగా వెళ్ళి కనకవల్లి పాదాల దగ్గర ఆగింది.

ఆవిడ కిందికి వంగింది. "అమ్మ ఇచ్చినప్పట్నుంచీ పెట్టినచోటే ఉండిపోయింది ఇది" అంది. "ఇన్నాళ్ళకి నా దగ్గరికి నడిచొచ్చింది. నడిచే ఏనుగుని విరిగిందని ఎలా అంటాను?"

అలా అని దాన్ని ఎత్తి పైమెట్టు మీద తనే పెట్టింది. దొర్లకుండా చక్రాల కింద రెండు తమలపాకులు మడిచి దోపింది. ఆగిపోయిన హారతి పాట మళ్ళీ అందుకుంది. అప్పుడు మేనకోడల్ని దగ్గరికి లాక్కుని, "ఈ పలక కోతిది కదుటే, కోతి ఏదీ?" అని అడిగింది.

మందాకిని జేబులోంచి కోతిని తీసి చూపించింది. "దానికింక బోర్డు లేదత్తా. కొలువులో ఎక్కడ పెడతాం?"

"ఇంత అంబారీ ఉండగా చోటుకేం కరువు. ఎక్కించు రాజుగారి పక్కన" అంది అత్త.

ఎక్కించింది. రాజుగారు మీసం మెలేసుకుని, పక్కన కోతి పళ్ళికిలించుకుని, ఇద్దరూ కొలువుతీరారు. పేరంటాళ్ళు నవ్వలేక చచ్చారు. అందరికన్నా గట్టిగా కనకవల్లి నవ్వింది. వచ్చే ఏటి కొలువుకి ఇంకో మెట్టు కట్టాలని ఆ పూటే అనుకుంది.

ఇంక కళ్ళు మూసుకో, బంగారం.

కథ సాగింది కంచికి,
కోతి చేరింది అంబారీకి,
చక్రాలొచ్చాయి ఏనుక్కి,
నవ్వులొచ్చాయి అత్తకి,
నిద్దరొచ్చింది నీ కంటికి,
దీపం ఆర్పేస్తే నా వంటికి
విశ్రాంతి, పద మన కలల ఇంటికి.