బీరమ్మ ఉన్ని, చెంగల్రాయుడి వీపు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులి మొదలు పందికొక్కు దాకా అందరికీ పిల్లలు పుడుతూనే ఉండేవారు. అందుకని అక్కడ రాజు లేకపోయినా రోజు గడిచేది గానీ, మంత్రసాని లేకపోతే ఒక్క పూట గడిచేది కాదు.

ఆ మంత్రసాని పేరు సుంకులమ్మ. ముసలి కొండముచ్చు. చూపు మందగించింది, మోకాళ్ళు అరిగిపోయాయి. చేతులు మాత్రం వెన్నముద్దలు. నోటి సంగతి పిల్లల ముందు చెప్పకూడదు.

ఆమెను వీపు మీద ఎక్కించుకుని కాన్పులకు తీసుకెళ్ళేది చెంగల్రాయుడు అనే గుర్రం. నల్లగా నిగనిగలాడేవాడు. ఒంటి మీద ఒక్క తెల్ల వెంట్రుక కూడా లేదు. ఆ సంగతి అడవిలో అందరికంటే ఎక్కువగా అతనికే తెలుసు. మడుగుకు నీళ్ళు తాగడానికి వెళ్ళి, తాగడం మరిచిపోయి, తన నీడను చూసుకుంటూ నిలబడేవాడు. వెనకాల నిలబడ్డ గేదెలు ఎంతసేపని చూస్తాయి? ఆ నీడలోకే దిగి పొర్లేవి.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. మంత్రసాని జీను కింద పరిచే మెత్తకు ఉన్ని గొర్రెలే ఇవ్వాలి. ఏడాదికి ఒక గొర్రె వంతు. ఎక్కడ ఏ బిడ్డ పుట్టినా అందులో మా ఉన్ని కూడా ఉందని మంద గర్వంగా చెప్పుకునేది. ఆ ఏడు వంతు బీరమ్మది. ఆమె వేసవి మొదట్లో ఉన్ని కత్తిరించుకుని, మూట కట్టి, నేత పనివాడు గిజిగాడి దగ్గరికి తెచ్చింది. చెంగల్రాయుడిని కూడా రమ్మంది.

గిజిగాడు ఆ ఉన్నితో మందంగా ఒక మెత్త నేశాడు. బూడిదరంగు మెత్త. చెంగల్రాయుడు వాసన చూసి మూతి ముడిచాడు.

"బీరక్కా, ఇది గొర్రె వాసన వస్తాండాది."

"గొర్రె ఉన్ని మల్లెపూల వాసన వస్తుందా నాయనా?" అంది బీరమ్మ.

చెంగల్రాయుడి కళ్ళు అప్పటికే పక్కకు పోయాయి. కొమ్మ మీద ఎర్ర మఖమల్ మెత్త ఒకటి వేలాడుతోంది. చుట్టూ అద్దాలు, కుచ్చులు. లోపల బూరుగు దూది.

"అది ఎవరిదప్పా?"

"ఎవరికి కావాలంటే వాళ్ళది రాయుడన్నా," అన్నాడు గిజిగాడు. "మంచిదేనా అని మాత్రం నన్ను అడగొద్దు. నేను కుట్టేవాడినే గానీ మోసేవాడిని కాదు."

చెంగల్రాయుడు ఏమీ అడగలేదు. మఖమల్ వేసుకుని వెళ్ళిపోయాడు. బీరమ్మ తన ఉన్ని మెత్తను మడిచి అక్కడే పెట్టింది.

మరునాడే జింకలవాడలో కాన్పు. సగం దారికి చెంగల్రాయుడికి చెమట పట్టింది. ఉన్ని అయితే ఆ చెమటను పీల్చుకుని గాలికి వదిలేది. మఖమల్‌కు ఆ విద్య రాదు. అది తడిసి జారింది. మెత్తతో పాటు జీను జారింది, జీనుతో పాటు సుంకులమ్మ జారి పందుల బురదలో కూర్చుంది. అప్పుడు ఆమె అన్న మాటలు విని పందులే సిగ్గుపడి లేచిపోయాయి.

సాయంత్రానికల్లా చెంగల్రాయుడు తల వంచుకుని గిజిగాడి చెట్టు కిందికి వచ్చాడు. బీరమ్మ అక్కడే ఉంది. దెప్పలేదు. ఉన్ని మెత్తను తనే అతని వీపు మీద పరిచింది.

"బొచ్చు ఉన్న వైపు నీ ఒంటికి తగలాల. నడుమ కొంచెం పైకి ఎత్తు, వెన్నుపూస మీద బరువు పడకూడదు," అంది. "ఇంకో మూడు మాటలు చెప్తా, విను. పని అయిన వెంటనే తీసి నీడలో గాలికి ఆరేయి. రోజూ దువ్వి, పల్లేరుకాయలుంటే ఏరేయి. ఉతకాల్సి వస్తే చన్నీళ్ళే. వేడి చూపించావంటే ఉన్ని అలుగుతుంది."

"ఇన్ని మర్యాదలు నాకే ఎవరూ చేయరు గదక్కా!" అన్నాడు చెంగల్రాయుడు.

"నీ వీపు కోసమే ఇవన్నీ," అంది బీరమ్మ.

నెల రోజులు అతను బుద్ధిగా ఉన్నాడు. పళ్ళతో దువ్వెన పట్టుకుని దువ్వేవాడు. ఆ నెలంతా సుంకులమ్మ ఊయలలో ఉన్నట్టు కూర్చుని, దారి పొడుగునా కునికిపాట్లు పడేది. తర్వాత ఒక రోజు దువ్వడం మానేశాడు. రేపు రెండు రోజులది కలిపి దువ్వుతానన్నాడు. రేపు వచ్చాక మూడు రోజులది కలిపి దువ్వుతానన్నాడు. ఇట్లా కలుపుకుంటూ కలుపుకుంటూ వర్షాకాలం వచ్చింది. మెత్తలో చెమట అట్ట కట్టింది. పల్లేరుకాయలు కాపురం పెట్టాయి. చూపు ఆనని సుంకులమ్మకు ఇవేవీ తెలియలేదు గానీ, వాసన మాత్రం తెలిసింది.

"ఏమిరా అబ్బీ, ఏదో చచ్చినట్టుంది యాడనో," అనేది ముక్కు మూసుకుని.

"గాలి అటునుంచి వస్తాండాది అవ్వా," అనేవాడు చెంగల్రాయుడు. ఎటు తిరిగినా గాలి అటునుంచే వచ్చేది.

అంతలో పావురాల పెళ్ళి వచ్చింది. ఊరేగింపులో ముందు నడవమని చెంగల్రాయుడిని పిలిచారు. అతను ఉబ్బిపోయాడు. తీరా వెళ్ళి నిలబడగానే బాతులు నాలుగడుగులు వెనక్కి జరిగాయి. పెళ్ళికూతురు తుమ్మింది. "అన్నా, నువ్వు ఊరేగింపుకు వెనకాల రాకూడదా? చాలా వెనకాల," అన్నాడు పెళ్ళికొడుకు మర్యాదగా.

చెంగల్రాయుడికి తల తీసేసినట్టయింది. ఇంటికి కూడా పోకుండా నేరుగా వేడినీళ్ళ గుండం దగ్గరికి పోయాడు. బీరమ్మ మాటలు గుర్తు రాలేదా అంటే, వచ్చాయి. పావురం మాటలు ఇంకా గట్టిగా గుర్తొచ్చాయి. మూడు నెలల మురికిని ఒక్క పూటలో వదిలిస్తానని మెత్తను పొగలు కక్కే నీళ్ళలో పడేశాడు. కుంకుడుకాయలు గుప్పించాడు. కాళ్ళతో తొక్కాడు. తీసి, మిట్టమధ్యాహ్నం ఎండలో బండ మీద పరిచాడు.

గంట తర్వాత వచ్చి చూస్తే బండ మీద మెత్త లేదు. చిన్న అట్టముక్క ఒకటి ఉంది. ఎవరో మెత్తను ఎత్తుకుపోయి దీన్ని పెట్టారనుకుని అటూ ఇటూ చూశాడు. కాసేపటికి తెలిసింది, అదే మెత్త. మురికి పోయింది. దాంతోపాటు మెత్తదనం, వెడల్పు, గొర్రెతనం అన్నీ పోయాయి. కాలితో తడితే టకటకమంది.

సరిగ్గా అప్పుడే పైనుంచి కాకి అరిచింది. "మంత్రసానమ్మా! కొండ మీద బీరమ్మకు నొప్పులు! బిడ్డ అడ్డం తిరిగింది! బిరబిరా రావల్ల!"

 చెంగల్రాయుడికి నిజం చెప్పడానికి ముఖం చెల్లలేదు. అట్టముక్కను జీను కింద దాచి, సుంకులమ్మ ఇంటికి పోయి, ఆమెను ఎక్కించుకుని పరుగెత్తాడు. మొదటి మలుపులో దాని అంచు వీపును గీసింది. రెండో మలుపులో చర్మం లేచింది. మూడో మలుపులో సుంకులమ్మ చేతికి తడి తగిలింది. వాసన చూసింది. ఇన్నాళ్ళ కాన్పుల్లో రక్తం వాసన ఆమెకు తెలియనిదా!

"ఆగరా!" అంది. దిగి, జీను ఎత్తి, వేళ్ళతో తడిమింది. "ఏమి చేసినావురా దీన్ని?"

"ఉడకబెట్టినా అవ్వా," అన్నాడు చెంగల్రాయుడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎక్కవ్వా, ఓర్చుకుంటా. బీరక్క ఉంది అక్కడ."

"నువ్వు ఓర్చుకున్నా జీను నిలబడదురా, కింద నిండుగా మెత్త లేదు. నన్ను లోయలో పడేసి నువ్వొక్కడివే పోయి కాన్పు చేస్తావా?"

జీను అక్కడే వదిలేసి ఆమె నడిచింది. అరిగిపోయిన మోకాళ్ళతో కొండ ఎక్కింది. పక్కన చెంగల్రాయుడు, నోట్లో ఆ అట్టముక్క పట్టుకుని, ఖాళీ వీపుతో నడిచాడు. గుర్రం పక్కన నడిచిపోయే మంత్రసానిని చూడడానికి దారి పొడుగునా కుందేళ్ళు బయటికొచ్చాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

వాళ్ళు చేరేసరికి బీరమ్మ అరవడం కూడా మానేసింది. సుంకులమ్మ వెన్నముద్ద చేతులతో బిడ్డను తిప్పి, బయటికి లాగింది. ఆడపిల్ల. ఉలుకూ లేదు పలుకూ లేదు. పైన సన్నగా వాన, కింద తడి గడ్డి.

"పొడిది ఏదైనా ఇవ్వండిరా!" అని అరిచింది సుంకులమ్మ.

చెంగల్రాయుడు నోట్లో ఉన్నదే ఇచ్చాడు. అట్ట కట్టిన ఉన్నిలోకి వాన దిగలేదు, సుంకులమ్మ నలిపితే వంగింది. గుర్రానికి ఎందుకూ పనికిరాని ఆ ముక్క గొర్రెపిల్లకు సరిగ్గా సరిపోయింది. దానిలోనే చుట్టి, దానితోనే రుద్దింది సుంకులమ్మ. రుద్దింది, తిట్టింది, మళ్ళీ రుద్దింది. చివరికి ఆ పిల్ల తుమ్మి, "మే" అంది. చెంగల్రాయుడు అందరి ముందూ భోరుమని ఏడ్చాడు.

బీరమ్మ మెల్లగా తలెత్తి ఆ ముక్కను చూసింది. తన ఉన్నిని గుర్తుపట్టింది.

"వేడి చూపించినావా నాయనా?" అంది.

అతను తలూపాడు. ఆమె మూతితో ఆ ముక్కను పిల్ల మీదికి ఇంకాస్త లాగి కప్పింది. అది అతనికి తిట్టు కంటే ఎక్కువగా తగిలింది.

పిల్ల బతికింది. చాలాసేపు ఇరుక్కుపోయినందుకు వెనక కాలు ఒకటి ఈడుస్తుంది. చెంగల్రాయుడి పుండ్లూ మానాయి. కానీ మానిన చోట వెంట్రుకలు తెల్లగా మొలిచాయి. నల్లటి వీపు మీద రెండు తెల్ల మచ్చలు, అరచేతి వెడల్పువి. ఎంత పొర్లినా పోలేదు.

మరుసటి ఏడు ఇంకో గొర్రె ఉన్ని ఇచ్చింది. ఇప్పుడు చెంగల్రాయుడు రోజూ సాయంత్రం మెత్తను నీడలో పరిచి దువ్వుతాడు. పక్కనే బీరమ్మ కూతురు కూర్చుని తనిఖీ చేస్తుంది. "మామా, అక్కడ పల్లేరుకాయ. మామా, ఇక్కడ ఇంకోటి." పని అయ్యాక ఆ కుంటి పిల్లను వీపు మీద ఎక్కించుకుని కొండ మీద దింపి వస్తాడు.

ఒకనాడు దారిలో కొత్తగా వచ్చిన నెమలి ఒకటి ఆగింది. "ఆ తెల్ల మచ్చలు భలే ఉన్నాయే! పుట్టుకతో వచ్చినవా?"

"ఆఁ, మా వంశంలో అందరికీ..." అని మొదలుపెట్టాడు చెంగల్రాయుడు.

వీపు మీద గొర్రెపిల్ల చిన్నగా దగ్గింది.

అతను ఆగాడు.

"కాదమ్మా," అన్నాడు. "మెత్త ఉడకబెట్టుకున్నాను."

నీతి: మంచి వస్తువు ఇచ్చినవాళ్ళు దాన్ని చూసుకునే తీరు కూడా చెప్తారు, ఆ మాటను కూడా తీసుకోవాలి, రోజూ కాసేపు చేయాల్సిన పనిని ఒక్క పూటలో ఉడకబెడితే, దాని మచ్చ మన ఒంటి మీదే కాదు, ఇంకొకరి కాలి మీద కూడా పడుతుంది.